ద్వీపంలో ప్రదర్శనశాల, ఊరిలో వీరులగుడి: పల్నాటి వారసత్వ సందర్శన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పల్నాడు జిల్లాలో గతాన్ని నిలిపి ఉంచిన తావులు ప్రధానంగా రెండు తీరులవి. నాగార్జునకొండ ద్వీపంలోని పురావస్తు ప్రదర్శనశాల ఒక తీరు. కారంపూడి వీరులగుడి, దానిని ఆశ్రయించుకొని సాగే వీరారాధన మరొక తీరు. మొదటిదానిలో వస్తువు తన స్థలం నుండి వేరుపడి భద్రంగా ఉన్నది. రెండవదానిలో వస్తువు స్థలాన్ని వీడలేదు, వాడుకలోనూ ఉన్నది. అయితే దానికి రక్షణ వ్యవస్థ లేదు, మనుషులే రక్షణ. ఈ రెండింటినీ ఒకే కొలమానంతో చూడడం వల్ల కలిగే నష్టాన్ని, సందర్శకుడు, ముఖ్యంగా పరిశోధక విద్యార్థి, వీటిని చదువవలసిన పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నాగార్జునకొండ, ఇక్ష్వాకులు, ఛాయాస్తంభాలు, కారంపూడి, వీరారాధన, వీరవిద్యావంతులు, దుర్గి శిల్పం.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. పాలనాపరంగా జిల్లా కొత్తది గాని పేరు పాతది. మాచర్ల, గురజాల, కారంపూడి, దుర్గి, పిడుగురాళ్ల వంటి ఊళ్ళలో దేనినీ నగరమని అనలేము. కాని వీటి మధ్య ఉన్న భూమిలో ఇక్ష్వాకుల రాజధాని ఉన్నది, పన్నెండవ శతాబ్దపు దాయాదుల పోరు జరిగిన రణభూమి ఉన్నది, నేటికీ ఉలి శబ్దం వినిపించే శిల్పుల గ్రామం ఉన్నది. కోటప్పకొండ, కొండవీడు, అమరావతి కూడా ఈ జిల్లాలోనివే. ఒక్కొక్కటీ ఒక్కొక్క వ్యాసానికి చాలినంత విషయం గలవి కనుక వాటిని ఇక్కడ ప్రస్తావనతో విడిచిపెడుతున్నాను.

పెద్ద నగరంలోని ప్రదర్శనశాలకు వెళ్ళినవానికి అది ఎదుటనే కనిపిస్తుంది. ద్వారం, రుసుము, గదులు, వస్తువు పక్కన పలక, అన్నీ ఒక క్రమంలో అమరి ఉంటాయి. చిన్న ఊరిలో ఆ క్రమం ఉండదు. మాచర్లలో బస్సు దిగిన విద్యార్థి చెన్నకేశవస్వామి ఆలయాన్ని చూసి, చంద్రవంక వాగు దాటి, ఎత్తిపోతల జలపాతం వద్ద ఛాయాచిత్రాలు తీసుకొని, పడవ ఎక్కి నాగార్జునకొండ చూసి తిరిగి వెళ్ళిపోతాడు. అతడు చూసినవాటిలో ఏది పురావస్తువు, ఏది ఐతిహ్యం, ఏది నిన్న మొన్న కట్టిన నమూనా అనే వివేచన చెప్పేవారు లేకపోతే అతనికి అన్నీ ఒకే 'పాతకాలం'గా కలిసిపోతాయి. ఈ కలగలుపే సందర్శనకు సంబంధించిన మొదటి సమస్య.

2. నీటిలో మునిగిన లోయ:

నాగార్జునకొండ వెలుగులోకి రావడం వెనుక ఒక గ్రామీణ ఉపాధ్యాయుని చూపు ఉన్నది. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడి ప్రాచీన స్తంభాన్ని గుర్తించి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. ఆపైన శాసన విభాగంలో తెలుగు సహాయకుడుగా ఉన్న ఏ. ఆర్. సరస్వతి స్థలాన్ని పరిశీలించాడు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి. ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. కృష్ణపై ఆనకట్ట నిర్మాణం ఖాయమయ్యేసరికి లోయ అంతా ముంపునకు గురికావడం తప్పనిసరి అయింది. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో జరిగినవి అందుచేత కాలంతో పోటీపడిన తవ్వకాలు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికి పురాతత్త్వవేత్తలు లోయలోనే పనిచేస్తున్నారు.

ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట ముంపు నుండి అబూ సింబెల్ ఆలయాలను కాపాడడానికి యునెస్కో 1960లో అంతర్జాతీయ పిలుపునిచ్చింది. ఆలయాలను పైకి తరలించే పని 1964–68 మధ్య సాగింది. ప్రపంచమంతా ఆ ఘట్టాన్ని గుర్తుపెట్టుకున్నది. దానికంటె ముందుగానే, ప్రపంచవ్యాప్త చందాలేవీ లేకుండా, పల్నాటి లోయలో అటువంటి పనే జరిగిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో కూడా తగినంతగా చేరలేదు. తరువాతి కాలంలో శ్రీశైలం జలాశయం ముంపు నుండి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించిన అనుభవాన్ని కూడా ఈ వరుసలోనే చూడాలి.

తవ్విన కట్టడాలలో ముఖ్యమైనవాటిని రాయి రాయిగా విడదీసి కొన్నింటిని కొండపైన, మరికొన్నింటిని కృష్ణ ఒడ్డున ఉన్న అనుపు వద్ద తిరిగి నిర్మించారు. తరలింపు సాధ్యం కానివాటికి నమూనాలు చేశారు. జలాశయం నిండిన తరువాత కొండశిఖరం ద్వీపంగా మిగిలింది. బౌద్ధ విహారం ఆకృతిలో కట్టిన ప్రదర్శనశాల 1966 నుండి ఆ ద్వీపంపైన ఉన్నది.

ఇక్కడ సందర్శకుడు గ్రహించవలసిన సూక్ష్మం ఒకటి ఉన్నది. ద్వీపంపై అతడు చూసే స్తూపం ఆ చోట పుట్టినది కాదు. దాని రాళ్ళు మూడవ శతాబ్దానివి, దాని స్థలం ఇరవయ్యవ శతాబ్దానిది. అది ఏ దిక్కున ఏ విహారానికి ఎదురుగా ఉండేదో, నదికి ఎంత దూరంలో ఉండేదో, వీథి ఎటు పోయేదో చెప్పగలిగిన నేల నీటి అడుగున ఉన్నది. పురాతత్త్వంలో వస్తువుకంటె దాని స్థానసంబంధానికే విలువ ఎక్కువ. అందువల్ల ద్వీపంపై తిరిగే విద్యార్థి చేతిలో లోయ పటం, అంటే ముంపునకు పూర్వం తవ్వకాలలో గుర్తించిన స్థలాలను చూపే పటం, ఉండి తీరాలి. పటం లేని సందర్శన విడి రాళ్ళ సందర్శన మాత్రమే అవుతుంది.

పదజాలం విషయంలోనూ జాగ్రత్త అవసరం. అనుపు వద్ద తిరిగి నిర్మించిన విహార సముదాయాన్ని 'నాగార్జున విశ్వవిద్యాలయం' అని పిలవడం వాడుకగా మారింది. చదువు, ధ్యానం, నివాసం కలిసిన బౌద్ధ విహారాలవి. వాటికి ఆధునిక విశ్వవిద్యాలయం పేరు తగిలించడం విషయాన్ని పెంచినట్లు కనిపించినా నిజానికి మరుగుపరుస్తుంది. అలాగే కొండకు ఆచార్య నాగార్జునుని పేరు స్థిరపడింది గాని, ఇక్ష్వాకుల కాలపు శాసనాలు ఈ స్థలాన్ని శ్రీపర్వతమని, నగరాన్ని విజయపురి అని వ్యవహరిస్తాయి. ఐతిహ్యానికి శాసనానికి మధ్యగల ఈ ఎడాన్ని విద్యార్థికి చెప్పడం వల్ల నాగార్జునుని గౌరవం తగ్గదు.

3. శాసనాలు వినిపించే గొంతులు:

ప్రదర్శనశాలలోని జాతక శిల్పఫలకాలు, బుద్ధమూర్తులు, ధాతుకరండాలు సహజంగానే కంటిని లాగుతాయి. శక వేషధారి అయిన సైనికుని శిల్పం, రోమన్ మద్యదేవతను పోలిన మూర్తి ఈ నగరానికి ఉన్న దూరదేశ సంబంధాలను తెలుపుతాయి. అయినా నా దృష్టిలో ఇక్కడి అసలు సంపద శాసనాలు. చూడడానికి అవి ఆకర్షణీయం కావు కనుకనే సందర్శకులు వాటిని త్వరగా దాటిపోతారు.

మహాచైత్యానికి ఆయకస్తంభాలు నిలిపినది చాంతిసిరి. ఈమె ఇక్ష్వాకు రాజైన వాసిష్ఠీపుత్ర శాంతమూలుని సోదరి. రాజు అశ్వమేధాది వైదిక క్రతువులు చేసినవాడు. ఆయన ఇంటి ఆడవారు బౌద్ధసంఘానికి దానాలు చేసినవారు. ఒకే కుటుంబంలో రెండు ధర్మాలు ఘర్షణ లేకుండా నడిచిన తీరుకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం అరుదు. వీరపురుషదత్తుని కాలానికి చెందిన బోధిసిరి అనే ఉపాసిక శాసనం మరొక విధమైన ఆశ్చర్యాన్ని కలిగిస్తుంది. సింహళ భిక్షువుల కోసం ఆమె కట్టించిన చైత్యగృహాన్ని చెబుతూ, ఆ ఆచార్యుల బోధ చేరిన దేశాలుగా కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, తామ్రపర్ణీ ద్వీపం మొదలైనవాటిని ఆ శాసనం పేర్కొంటుంది. నేడు జిల్లాకేంద్రం నుండి బస్సులో సగం రోజు పట్టే ఈ మూలకు ఆనాడు అంత పెద్ద భూగోళం తెలుసు. అపరమహావినసేలీయులు, బహుశ్రుతీయులు, మహీశాసకులు, సింహళ మహావిహారవాసులు వేరువేరు ఆవాసాలలో ఇదే లోయలో ఉండేవారు.

ఈ వ్యాసానికి మరింత దగ్గరి సంబంధం గలవి ఛాయాస్తంభాలు. శాసనాలలో 'ఛాయాఖంభ' అని వ్యవహరించిన ఈ స్మారక శిలలను మరణించిన వ్యక్తి పేర నిలిపేవారు. శాంతమూలునికి అతని కుమారుడు వీరపురుషదత్తుని ఇరవయ్యవ రాజ్యసంవత్సరంలో తల్లులు, సోదరీమణులు, భార్యలు కలిసి నిలిపిన స్తంభం వీటిలో ప్రసిద్ధం. సేనానులకు, సామాన్య సైనికులకు, ఒక శిల్పికి కూడా ఇటువంటి స్తంభాలు ఉండడం గమనింపదగినది. చనిపోయినవాని నీడను రాతిలో నిలపడం అన్న భావన ఆ పేరులోనే ఉన్నది.

4. కారంపూడి: వాడుకలో ఉన్న వస్తువు:

మాచర్లలో రాజ్యం చేసిన మలిదేవరాజు వర్గానికి, గురజాలలోని నలగామరాజు వర్గానికి మధ్య కారంపూడి వద్ద జరిగిన పోరును సాధారణంగా 1182 నాటిదిగా చెబుతారు. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు, కన్నమదాసు, అలరాజు పేర్లు తెలియని తెలుగువారు తక్కువ. అయితే ఆ పరిచయం చాలామందికి 1947లోను, 1966లోను వచ్చిన 'పల్నాటి యుద్ధం' చలనచిత్రాల ద్వారా కలిగినదే. సాహిత్య విద్యార్థికి శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కృతి, 1911లో దానిని పరిష్కరించి ప్రకటించిన అక్కిరాజు ఉమాకాంతం పీఠిక, తంగిరాల వెంకటసుబ్బారావు వీరగాథా పరిశోధన తెలుసు. కారంపూడిలో మౌఖికగాథను విని, నమోదు చేసి, అనువదించి జీన్ రోగేర్ 1982లో ఆంగ్లంలో వెలువరించిన గ్రంథం విదేశీ విద్యాలయాలకు ఈ కథను తీసుకువెళ్ళింది.

నాగులేరు ఒడ్డున ఉన్న ఈ ఊరిలో చెన్నకేశవ, అంకాలమ్మ ఆలయాలు, వీరుల పేర నిలిపిన శిలలున్న వీరులగుడి ఉన్నాయి. సంప్రదాయం అరవై ఆరుగురు వీరనాయకులను లెక్కిస్తుంది. మామూలు రోజున వెళ్ళిన సందర్శకునికి ఇక్కడ చూడదగినది పెద్దగా లేదనిపించవచ్చు. చిన్న గుడి, వరుసగా రాళ్ళు, అంతే. 'ఇంతేనా' అని వెనుదిరిగినవారిని తప్పుపట్టలేము. వారు ప్రదర్శనశాలను చూసే కంటితో గుడిని చూశారు.

కార్తీక అమావాస్యతో మొదలయ్యే అయిదు రోజులలో ఈ స్థలం మారిపోతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఒక్కొక్క రోజు కథలోని ఒక్కొక్క ఘట్టాన్ని మోస్తుంది. రాయబారం నాడు అలరాజు ప్రయాణం, మందపోరు నాడు ఆలమందల కోసం లంకన్న చేసిన పోరు, కోడిపోరు నాడు వినాశానికి మూలమైన పందెం, చివరిరోజున వీరుల నేలకొరుగుడు. మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. కులభేదం లేకుండా అందరూ ఒకే చాపపై కూర్చుండి తినడం బ్రహ్మనాయుని సంస్కరణగా ప్రసిద్ధి పొందిన ఆచారం. వీరుల వంశాల వారమని చెప్పుకొనే ఆచారవంతులు అనేక గ్రామాల నుండి తమ ఇళ్ళలో భద్రపరచుకున్న ఆయుధాలను తీసుకొని వస్తారు. వాటిని నాగులేటిలో శుభ్రపరచి, పూజించి, ఊరేగింపుగా వీరులగుడికి చేరుస్తారు.

ప్రదర్శనశాల పరిభాషలో చెప్పాలంటే ఈ ఆయుధాలకు ప్రవేశసంఖ్య లేదు, గాజుపెట్టె లేదు, కాలనిర్ణయం లేదు. అవి పన్నెండవ శతాబ్దానివా, తరువాత పోతపోసినవా అనే ప్రశ్న లోహశాస్త్రానికి ముఖ్యమే. ఆరాధకునికి ఆ ప్రశ్న పుట్టదు. అరిగిన ఆయుధం స్థానంలో కొత్తది వచ్చినా అది అదే వీరుని ఆయుధం. ద్వీపంలో రాయి మారలేదు, స్థలం మారింది. కారంపూడిలో లోహం మారి ఉండవచ్చు, స్థలమూ సంబంధమూ మారలేదు. ప్రామాణికత అనే మాటకు ఈ రెండు చోట్ల రెండు అర్థాలున్నాయని అంగీకరించకుండా పల్నాటి వారసత్వాన్ని వివరించడం సాధ్యం కాదు.

ఛాయాస్తంభాలకు కారంపూడి వీరశిలలకు మధ్య దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ ఎడం ఉన్నది. ఒకటి మరొకదానికి నేరుగా వారసురాలని చెప్పే ఆధారం లేనంతవరకు అలా చెప్పడం తొందరపాటు. మృతవీరుని రాతిలో నిలిపే ఆచారం దక్కన్ అంతటా విస్తారంగా ఉన్నది. అయినా ఒకే తాలూకా పరిధిలో ఈ రెండింటినీ ఒక రోజు తేడాతో చూడగలగడం పరిశోధకునికి దొరికే అరుదైన అవకాశం. ఒకచోట స్మారకశిల కింద ఎవరు ఏడ్చారో, ఎవరు నిలిపారో అక్షరాలు చెబుతాయి, పాడేవారు లేరు. మరొకచోట శిలపై అక్షరాలు లేవు. వాటి కథను అయిదు రాత్రులు గానం చేసేవారు ఉన్నారు.

5. కథను మోసేవారు ఎవరు?

ఆ గానం చేసేవారు వీరవిద్యావంతులు. మాల కులానికి చెందిన ఈ గాయకులు పంబ వాద్యం తోడుగా పల్నాటి వీరగాథలను తరతరాలుగా పాడుతున్నారు. కన్నమదాసును బ్రహ్మనాయుడు పుత్రసమానంగా స్వీకరించాడనే కథాంశం వారి గానంలో అలంకారం కాదు. ఉత్సవంలో వారికి గల స్థానానికి అదే ఆధారం. సాహిత్య చరిత్రలో మాత్రం ఈ గాథ చాలా కాలం శ్రీనాథుని కర్తృత్వ చర్చగానే నడిచింది. ద్విపద ఎవరిది, ఏ ప్రతి ప్రామాణికం అనే వాదాలకు ఇచ్చిన పుటలలో కొంత భాగమైనా, ఆ ద్విపదకు ముందునుండీ తరువాతకూడా కథను బ్రతికించిన గాయకులకు ఇచ్చి ఉంటే బాగుండేది. రోగేర్ గ్రంథం విలువ ఇక్కడే ఉన్నది: ఆయన వ్రాతప్రతి వద్ద ఆగక గాయకుని ఎదుట కూర్చున్నాడు.

యునెస్కో 2003 ఒడంబడిక అదృశ్య సాంస్కృతిక వారసత్వాన్ని నిర్వచించినప్పుడు మౌఖిక సంప్రదాయాలను, ఉత్సవాలను, హస్తకళా నైపుణ్యాలను అందులో చేర్చింది. ఆ నిర్వచనం ప్రకారం కారంపూడిలో రక్షించవలసినది గుడిగోడ ఒక్కటే కాదు, గాయకుని జ్ఞాపకం కూడా. రాయికి కంచె వేయవచ్చు. జ్ఞాపకానికి వేయవలసినది కంచె కాదు. శిష్యుడు కావాలి, వినేవారు కావాలి, బత్తెం కావాలి. ఉత్సవానికి వచ్చే విద్యార్థులు చరవాణిలో కొన్ని నిమిషాల గానాన్ని బంధించి తీసుకుపోవడం ఇప్పుడు సాధారణం. ఎవరు పాడారో, ఏ ఘట్టమో, ఏ రాత్రి ఏ సందర్భంలోనో రాసుకోని ఆ ముక్క, పటం లేని రాయి వంటిదే. లోయ మునిగినప్పుడు రాళ్ళకు జరిగినది, గాయకుడు పోయినప్పుడు పాటకు జరుగుతుంది. ఈసారి ముంపు తేదీని ఎవరూ ముందుగా ప్రకటించరు.

నాగమ్మ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కారంపూడి ఆరాధన బ్రహ్మనాయుని పక్షం వీరుల ఆరాధన కనుక కథ ఆ వైపునుండి వినిపిస్తుంది. జిట్టగామాలపాడుకు, గురజాలకు వెళ్ళినవారికి నాయకురాలి వైపునుండి ఆ కథను ఆలోచించే అవకాశం దొరుకుతుంది. ఒక స్త్రీ మంత్రిత్వం నెరపి, సేనలను నడిపిందన్న అంశాన్ని కుతంత్రమనే ఒక్క మాటతో ముగించే అలవాటును ఇటీవలి విమర్శ ప్రశ్నిస్తున్నది. సందర్శనలో గురజాలను వదిలివేయడమంటే వివాదంలో ఒక పక్షాన్నే విచారించడం.

6. దుర్గి రాయి:

మాచర్లకు సమీపంలోని దుర్గి శిల్పులు చెక్కేది ఈ ప్రాంతపు సున్నపురాయినే. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలకు వాడినదీ పల్నాటి సున్నపురాయే. మెత్తగా ఉండి సన్నని గీతకు లొంగడం ఈ రాయి గుణం. ఇక్ష్వాకుల నాటి ఫలకాలలో వస్త్రపు మడతలు, ఆభరణాల గొలుసులు అంత సూక్ష్మంగా పలకడానికి అది ఒక కారణం. అదే రాయి పిడుగురాళ్ల బట్టీలలో సున్నంగా కాలుతుంది. అమరావతి స్తూపపు ఫలకాలలో ఎన్నో పందొమ్మిదవ శతాబ్దంలో సున్నానికి పోయాయన్న విషాదం ఈ భౌతిక వాస్తవంతో ముడిపడినదే. మిగిలినవాటిలో పెద్దభాగం 1859లో లండనుకు, తరువాత మద్రాసుకు చేరింది. శిల్పానికి పనికివచ్చే గుణమే దాని వినాశానికీ పనికివచ్చింది.

దుర్గి శిల్పానికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. ద్వీపంలోని ఫలకం ముందు నిలబడి 'ఎలా చెక్కారు' అని ఆశ్చర్యపడే విద్యార్థికి దుర్గిలో ఒక పూట గడిపితే జవాబులో కొంతభాగం దొరుకుతుంది. రాయిని ఏ వైపు నుండి చీల్చాలి, ఏ ఉలి ఎప్పుడు వాడాలి, పగులు ఎలా పసిగట్టాలి అనే జ్ఞానం ఏ పలకపైనా రాసి ఉండదు. కాబట్టి దుర్గిని ద్వీపానికి ముందు చూడడం మేలు; పనితనం తెలిసిన కంటికి పాత ఫలకం వేరుగా కనిపిస్తుంది.

7. సందర్శనను పాఠంగా మలచడం:

కళాశాల అధ్యాపకులకు ఉపయోగపడే కొన్ని అంశాలు. నాగార్జునకొండకు పడవలు విజయపురి సౌత్ రేవు నుండి బయలుదేరుతాయి. ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. పడవ వేళలను బట్టి ద్వీపంపై గడిపే సమయం పరిమితం కనుక శాసనాల గదిని చివరకు వదలకుండా మొదటనే చూడాలి. అనుపులోని దీర్ఘచతురస్రాకార మెట్ల రంగస్థలాన్ని, హారీతి ఆలయాన్ని ద్వీపంతో కలిపి ఒకే రోజున చూడవచ్చు. కారంపూడి తేదీ మాత్రం పంచాంగం చెప్పవలసినదే. విద్యాసంవత్సరపు ప్రణాళిక వేసేటప్పుడే కార్తీక అమావాస్యను గుర్తుపెట్టుకోవాలి. అయిదు రోజులూ ఉండడం కుదరకపోతే మందపోరు, కల్లిపాడు రోజులను ఎంచుకోవడం మంచిది. అక్కడ ఛాయాచిత్రం తీసేముందు ఆయుధం పట్టుకున్న ఆచారవంతుని అనుమతి అడగాలి. ఆయన ఆ క్షణాన ప్రదర్శనలో లేడు, వ్రతంలో ఉన్నాడు.

విద్యార్థులకు ఇచ్చే పని కూడా స్థలాన్ని బట్టి మారాలి. ద్వీపంలో ఒక్క శాసనాన్ని ఎంచుకొని దానిలోని వ్యక్తులు, బంధుత్వాలు, ఊళ్ళు రాయమనవచ్చు. కారంపూడిలో ఒక్క ఆయుధాన్ని అనుసరించి అది ఏ ఊరినుండి వచ్చింది, ఎవరి ఇంట ఏ చోట ఉంటుంది, ఏటా ఎవరు మోస్తారు అని వారి సమ్మతితో నమోదు చేయించవచ్చు. పది కళాశాలలు పదేళ్ళు ఈ పని చేస్తే పల్నాటి వీరారాధనకు ఒక గ్రామపటం తయారవుతుంది. లోయ మునగకముందు పురాతత్త్వవేత్తలు గీసుకున్న పటం వంటిది.

విద్యావంతుల గానాన్ని తరగతికి వినిపించదలచినప్పుడు వారిని ఉత్సవపు రద్దీలో కాక వేరొక రోజున, వారికి వీలైన వేళ, ఒక ఘట్టం పూర్తిగా పాడమని కోరాలి. ఆ పూటకు ఇవ్వవలసిన పారితోషికాన్ని ముందుగా మాట్లాడుకొని, యాత్రావ్యయ పట్టికలో బస్సు, పడవ, ప్రవేశరుసుము పద్దుల సరసన చేర్చాలి. అతిథి ఉపన్యాసకునికి కళాశాల చెల్లించే మొత్తమే వారికీ వర్తింపజేయవచ్చు. గాయకుని పేరు, పాడిన ఘట్టం, తేదీతో కూడిన రశీదు ఒక ప్రతి శాఖా గ్రంథాలయంలో నమోదుతోపాటు ఉంచాలి.